జవాబు గంట

కంప్యూటర్‌కు ఫోను తగిలించగానే పైకి ఎక్కే స్వరం ఒకటి వినిపిస్తుంది, కలిసిందని. దిగే స్వరం వినిపిస్తే తెగిపోయిందని. ఇవాళ మధ్యాహ్నం నుంచి నా షాపులో ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి మోగుతూనే ఉన్నాయి. మెడ పట్టేసింది, కళ్లు మండుతున్నాయి. ఛార్జింగ్ రంధ్రాన్ని సూదితో గీకితే సన్నటి బొగ్గు పొడి రాలి టేబుల్ గుడ్డ మీద పడింది. గోదావరిఖనిలో ఏ ఫోను విప్పినా కనిపించేదే, ఇన్నేళ్లలో దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాను. కానీ ఇది రాజక్క ఫోను. నాకు ఈ పని నేర్పిన మనిషిది. పక్షవాతం వచ్చి ఆమె మాట పడిపోయి రెండు నెలలు దాటింది. పొద్దున ఆమె కూతురు లావణ్య వచ్చి దీన్ని నా చేతిలో పెట్టింది. "శైలక్కా, ఇండ్ల అమ్మ, బాపు మాట్లాడుకున్న కాల్ రికార్డింగులు ఉండె. అమ్మనే తీసేసిందట. రూట్ చేస్తె దొరుకుతయంటరు గద? ఒక్కసారి అమ్మ గొంతు వినాలె అక్కా" అంది. వినాలని నాకూ ఉంది. అందుకే వెంటనే పుచ్చుకున్నాను.

రాజక్క షాపు మార్కెట్ వీధిలో, ఓ టైలర్ దుకాణానికీ చెప్పుల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉండేది. రూట్ చేయడమంటే, ఫోను తయారు చేసినవాడు వేసిన తాళం తీసి లోపలి గదులన్నింటికీ మనమే యజమానులం కావడం. బోర్డు రాసే ఆయనకు అదంతా తెలియక "ఇచ్చట అన్ని రూట్లు చేయబడును" అని రాసి పెట్టాడు. ఇక చూడండి, రోజుకు నలుగురైనా వచ్చి మందమర్రి బస్సు ఎక్కడ ఆగుతుందనీ, శ్రీరాంపూర్‌కు ఆటోలు ఎటు నుంచి పోతాయనీ అడిగేవారు. అక్క చేతిలో పని ఆపి, వీధిలోకి దిగి మరీ చూపించేది. బోర్డు మార్పించమని నేను పోరితే, "మారుస్తె వాళ్లు ఎవల్నడుగుతరే? అడిగినోనికి తొవ్వ చూపిస్తె నీ సొమ్మేం పోతది?" అని నా నోరు మూయించింది.

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. నాన్న హార్డ్‌వేర్ వ్యాపారం ఇక్కడ పెట్టి, ఇక్కడే స్థిరపడ్డాడు. డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చోలేక అక్క షాపులో చేరాను. "రాజేశ్వరి గారూ, కనెక్ట్ అవట్లేదండీ" అన్నాను మొదటి రోజు. అక్క అద్దాల పైనుంచి చూసి, "గా 'గారు' తీసి గల్లపెట్టె మీద పెట్టు, 'అండి' తీసి బయట పారెయ్. నన్ను అక్క అను. అప్పుడు కనెక్ట్ అయితది" అంది. అక్కా అన్నాను, మిగతాది మాత్రం చాలా ఏళ్లు నా నోటి నుంచి ఊడిపోలేదు. కనెక్ట్ కాకపోవడానికి కారణాలు ఆ ఏడాదంతా నేర్చుకున్నాను. చూడటానికి మంచిదే అయినా ఛార్జింగ్ తప్ప మరేమీ మోయలేని కేబుల్, వదులైన పోర్టు, కంప్యూటర్‌లో లేని డ్రైవరు, ఫోను సెట్టింగుల్లో నొక్కడం మరిచిన మీట. ఒక్కోసారి అన్నీ సరిగ్గా ఉండి కూడా కలవదు. అప్పుడు నేను మౌస్‌ను టేబుల్‌కేసి కొట్టేదాన్ని. అక్క ఆ మౌస్ తీసుకుని తన ఒడిలో పెట్టుకుని, చల్లబడ్డాక ఇచ్చేది.

అక్క భర్త గనిలో తాడుతో బొగ్గు టబ్బులను లాగే ఇంజన్ మీద డ్యూటీ చేసేవాడు. ఇంజను ఒక చోట, టబ్బులు ఎక్కడో చీకట్లో. మధ్యలో మాటలు వినబడవు, గంటే మాట. ఒకటి కొడితే ఆగు, రెండు కొడితే కదులు. ఇంకా చాలా సంకేతాలున్నాయట, అక్క నాకు నేర్పినవి ఆ రెండే. ఇటు కొట్టిన గంటకు అటు నుంచి జవాబు గంట వస్తేనే ఆయన ఇంజను మీద చెయ్యి వేసేవాడట. అక్కకు అది ఇంటి మాటైపోయింది. కూర మంట మీద పెట్టి "ఉప్పు వెయ్యాల్నా?" అని ఆయనను అడిగి, జవాబు రాకపోతే "గంట కొట్టవేందయ్యా!" అని అరిచేదట. షాపులో కూడా అంతే. ఫోను ఇచ్చినవాణ్ణి అడగకుండా, అతను సరే అనకుండా ఒక్క మీట నొక్కనిచ్చేది కాదు. అలా అడగడం, జవాబు కోసం ఆగడం చూసి నాకు విసుగొచ్చేది.

ఒకసారి ఓదెలు కాక వచ్చాడు. రిటైరైన కార్మికుడు, భార్య పోయి కొన్నాళ్లయింది. ఫోను నిండిపోయిందని చూపిస్తుంటే ఏదో నొక్కాడట, ఆమె మాటలున్న రికార్డింగులన్నీ పోయాయి. రూట్ చేసి వెతికి చూద్దామని నేను కూర్చున్నాను. కంప్యూటర్ ఫోనును చూడనే లేదు. కేబుళ్లు మార్చాను, పోర్టులు మార్చాను, డ్రైవర్లు తీసి మళ్లీ వేశాను, రెండింటినీ ఆపి మళ్లీ మొదలుపెట్టాను. కాక స్టూలు మీద కూర్చుని నా ముఖమే చూస్తున్నాడు. ఓపిక చచ్చి, "ఇది అవదు కాకా" అనేశాను. అక్క లేచి వచ్చి, అద్దం గీసుకుపోకుండా నేను గుడ్డ మీద బోర్లా పెట్టుకున్న ఫోనును వెల్లకిలా తిప్పింది. తెర మీద ఒక ప్రశ్న ఉంది. ఈ కంప్యూటర్‌ను అనుమతించాలా, అని.

"నువ్వు అడుగుతనే ఉన్నవు. అది గూడ ఎప్పటినుంచో అడుగుతున్నది. దాని మొకం నేలకేసి పెట్టి, జవాబిస్తలేదని పరేషాన్ అయితున్నవు" అంది అక్క.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అనుమతించు అని నొక్కగానే కంప్యూటర్‌లో ఫోను కనిపించింది. ఫోటోలూ మిగతావీ ముందు కాపీ చేసేసి, రూట్ మీట దగ్గరికి వచ్చాం. అక్కడ అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. కాక వైపు తిరిగి, "కాకా, చెయ్యొచ్చు గాని దొరుకుతయన్న నమ్మకం లేదు. ఫోన్ ఖరాబైనా కావచ్చు. నువ్వు చెప్పినంకనే చేస్త. జల్ది లేదు" అంది. కాక బయటికి వెళ్లి టీ తాగి వచ్చాడు. "చెయ్యి బిడ్డా" అన్నాడు. చేశాం. ఫోను బాగానే ఉంది గానీ ఆమె గొంతు మాత్రం దొరకలేదు. ఆయన తిడతాడనుకున్నాను. "లేకుంటె లేకపాయె. నన్ను అడిగి చేసిన్రు, గంతే సాలు" అని ఫోను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు తర్వాత నేను ఏ ఫోనూ బోర్లా పెట్టలేదు.

తర్వాత అక్క భర్త జబ్బు పడ్డాడు. హైదరాబాద్ దవాఖానలో చాలాకాలం ఉంచారు. కూతురి చదువు, షాపు ఇక్కడ, ఆయన అక్కడ. అక్క వారానికోసారి వెళ్లి వచ్చేది. మిగతా రోజుల్లో షాపు వెనక్కి పోయి గోడకు ఆనుకుని ఈ ఫోనులోనే మాట్లాడేది. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. ఆయన పోయాక కొత్త ఫోను కొనుక్కుంది. ఇది మూలన పడింది.

ఇవాళ కేబుల్ మార్చి, రంధ్రం శుభ్రం చేశాక, సాయంత్రానికి ఎక్కే స్వరం మోగాక దిగే స్వరం మళ్లీ రాలేదు. తెర మీద అదే పాత ప్రశ్న వచ్చింది. వేలు దగ్గరికి తీసుకెళ్లాను. ఆ ప్రశ్న నన్ను కాదు కదా అడుగుతున్నది అనిపించింది. మాట పోయిందనుకుని మేమంతా ఆమెను అడగడమే మానేశాం. కేబుల్ పీకి, షట్టరు దించి, గని కార్మికుల కాలనీ వెనక ఉన్న వాళ్లింటికి నడిచాను.

అక్క ఇనుప మంచం మీద ఉంది. ఎడమ చెయ్యి ఒక్కటే కదులుతుంది. ఫోను ఆమె కళ్ల ముందు పట్టుకుని అడిగాను, "అక్కా, మీరు తీసేసిన రికార్డింగులు వెతకమంటోంది లావణ్య. వెతకనా?" లావణ్య ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఫ్యాను తిరుగుతోంది. అక్క ఫోనును చాలాసేపు చూసింది. తర్వాత ఆమె చూపుడు వేలు మంచం పట్టీ మీద ఒక్కసారి టక్కుమంది. రెండోది వస్తుందని ఎదురుచూశాను. రావాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. రాలేదు.

"ఏమన్నది అక్కా?" అంది లావణ్య.

"ఆపమంది."

లావణ్య మంచం పక్కన కూర్చుండిపోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అవి ఆ ఇద్దరి మాటలు, వాటిని తీసేసిందీ ఆవిడే. ఫోను అక్క దిండు కింద పెట్టేసి, చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాను. "పోయొస్త అక్కా" అన్నాను, ఆవిడ భాషలోనే, అండి లేకుండా. ఇదివరకైతే వెళ్లొస్తానంటూనే వీధిలోకి దిగిపోయేదాన్ని. ఈసారి నిలబడ్డాను. కాసేపటికి మంచం పట్టీ మీద టక్, టక్ మని రెండు సార్లు వినిపించింది. అప్పుడు కదిలాను.