మణికట్టుకు కట్టిన స్కేలు

నా చిన్నప్పుడు బడికి వెళ్ళిన రోజులకన్నా బడి లేని రోజులే నాకు బాగా గుర్తున్నాయి. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ముదిరి బళ్ళూ కాలేజీలూ మూతబడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పటికి ఇళ్ళకన్నా ఖాళీ జాగాలే ఎక్కువ. పిల్లలందరూ ఆ జాగాల్లో గోలీలాడుతుంటే నేను సైదాబాద్ దాకా నడిచి ఒక గ్రంథాలయానికి పోయేదాన్ని. ఊరేగింపు ఉన్న రోజు దాని తలుపు సగమే తెరిచేవారు. ఆ సగంలోంచి దూరి చేతికందిన పుస్తకం తీసుకునేదాన్ని. ఇంగ్లీషు పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకునేదాన్ని. ఎవరూ చెప్పకుండా నేర్చుకుంటున్నానన్న గర్వం అక్కడే మొదలైంది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మేము పోచంపల్లి వైపు నుంచి వచ్చిన నేతవాళ్ళం. మా తాతయ్య మగ్గం మానేశాక ఇల్లు మా మామ జీతం మీద నడిచేది. మామ మా అమ్మకు తమ్ముడు, సైన్యంలో లారీ డ్రైవరు. హిమాలయాల కొండదారిలో లారీ బోల్తాపడి అతని కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గాని, చెయ్యి వంగడం మానేసింది. ఆ చేత్తోనే సెలవు మీద ఇంటికి వచ్చాడు. వచ్చే వైద్య పరీక్షలో మణికట్టు తిరగకపోతే ఉద్యోగం మాని ఇంట్లో కూర్చోవలసిందే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు.

మామ పై అధికారికి అక్కడి కొండవాగుల్లో ట్రౌట్ అనే చేపలు పట్టే అలవాటు ఉండేది. పురుగులా కనిపించే ఈకల ఎరను ఒక పొడవాటి తాడుకు కట్టి, కర్రతో ముందుకూ వెనక్కూ ఊపుతూ నీటి మీదకు విసురుతారు. ఆ ఊపులో చెయ్యి సాగుతుందని, ఆదివారాలు తన వెంట రమ్మని ఆయన మామకు చెప్పాడట. కర్ర తాను ఇస్తానన్నాడు. తాడు చుట్టుకునే రీలు మాత్రం మామే తెచ్చుకోవాలి. హైదరాబాద్‌లో అటువంటి వస్తువు ఎక్కడ దొరుకుతుందో మాలో ఎవరికీ తెలియదు.

అది పక్కింటి అక్క దగ్గర దొరికింది. ఆమె భర్తది సర్కారు ఉద్యోగం, వాళ్ళది కోస్తా. వాళ్ళ గోడ మీద ఎవరో బొగ్గుతో నినాదాలు రాసిన తరువాత బదిలీకి అర్జీ పెట్టుకొని సామాను సర్దుకుంటున్నారు. అక్క తండ్రి నీలగిరుల్లో తేయాకు తోటలో గుమాస్తాగా చేసి పోయారు, ఆయనకూ చేపలు పట్టే సరదా ఉండేది. ఆయన ట్రంకు పెట్టెలోంచి అక్క రెండు రీళ్ళు తీసి మా అరుగు మీద పెట్టింది. ఒకటి పెద్దది, ఇత్తడిది, లోపల పళ్ళచక్రాలు, పక్కన బ్రేకు. రెండోది నల్లటి చిన్న రేకు చట్రం. తిప్పితే కీచురాయిలా టిక్కుటిక్కుమంటుంది, అంతే.

"ఒకటి మా తమ్ముడికి ఉంచాలి. రెండోది నువ్వు తీసుకో తమ్ముడూ. ఏది కావాలో నువ్వే చెప్పు," అంది అక్క మామతో.

మామ నా వైపు తిరిగాడు. "ఏమే పంతులమ్మా, ఏమంటది నీ బుక్కు?"

నేను అప్పటికే గ్రంథాలయంలో చేపల వేట పుస్తకం వెతికి పట్టుకొని, రీలు గురించిన అధ్యాయమంతా నిఘంటువుతో చదివి ఉన్నాను. చేప గాలానికి తగిలి పరుగెత్తినప్పుడు బ్రేకు బలంగా ఉండాలని, తాడు చాలా పట్టాలని అందులో ఉంది. కాబట్టి సందేహమే లేదు.

"పెద్దదే తీస్కో మామా. గీ చిన్నదాంట్ల ఏముంది? గిది బొమ్మలెక్కనే ఉంది."

అక్క పెద్ద రీలు చేతిలోకి తీసుకుంది. "సరే, పెద్దదే. కానీ ఇచ్చేముందు నువ్వొకసారి విసిరి చూపించాలి మరి," అని నాతో చెప్పి, లోపలికి వెళ్ళి రెండు దోమతెర కర్రలు తెచ్చింది. ఒక్కొక్క కర్రకు ఒక్కొక్క రీలు కట్టి, పిన్నీసులను తాడు పోవడానికి కొక్కేల్లా బిగించింది. ఎర బదులు ఎర్ర ఊలు ముక్క. వాకిట్లో దూరంగా మా గంగాళం పెట్టించింది. చివరికి నా బడిసంచిలోంచి చెక్క స్కేలు తీసి, నా కుడి అరచేతి నుంచి మోచేతి కిందిదాకా ఆనించి, పాత చీర పేలికతో గట్టిగా చుట్టింది.

"గిదెందుకక్కా?"

"మీ మామ చెయ్యి ఇలాగే కదా ఉంది? పొయ్యి మీద అన్నం పెట్టాను. అది ఉడికేదాకా ఊలు గంగాళంలో పడేలా విసురుతూ ఉండు. ఆపకూడదు."

పెద్ద రీలుతో మొదలుపెట్టాను. మొదట సరదాగానే ఉంది. తరువాత రీలు బరువుకు కర్ర అడుగు భాగం కిందికి లాగడం మొదలైంది. స్కేలు కట్టిన చెయ్యి వంగదు కాబట్టి ఆ బరువంతా భుజం మీదకి వచ్చింది. ఊలు గంగాళం దాకా పోకుండా తాతయ్య తలపాగా మీద పడింది.

"గంగాళం గాడుంటే చేప నా నెత్తి మీదికొచ్చిందేందే!" అన్నాడు తాతయ్య. మామ చాలా రోజుల తరువాత గట్టిగా నవ్వాడు.

అన్నం సగం కూడా ఉడికి ఉండదు, నేను కర్ర కింద పెట్టేశాను. అక్క రెండో కర్ర అందించింది. చిన్న రీలు ఉన్నట్టే తెలియలేదు. చెయ్యి వంగకపోయినా కర్ర తేలిగ్గా ఊగింది. కొన్నిసార్లు ఊలు గంగాళం అంచును తాకింది, ఒకసారి లోపలే పడింది. అక్క గంజి వార్చి వచ్చేదాకా విసురుతూనే ఉన్నాను.

"ఇంతసేపట్లో రీలు ఎప్పుడు తిప్పావు?" అని అడిగింది.

ఆలోచించాను. విసరడానికి తిప్పలేదు. తాడు వెనక్కి లాగింది కూడా ఎడమ చేత్తోనే. ఆఖరున చుట్టి పెట్టడానికి మాత్రమే తిప్పాను.

"వాగులో చేప జానెడుంటుందమ్మా. దానికి బ్రేకులు అక్కర్లేదు. పెద్దది మా నాన్న గోదావరిలో పెద్ద చేపలకు వాడింది. నీ పుస్తకం చేప చిక్కిన ఆ నిమిషం గురించి చెప్పింది. మీ మామ చెయ్యి మిగతా రోజంతా మొయ్యాలి కదా."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. మరునాడు పోయి పుస్తకం తీస్తే, ఆ అధ్యాయం మొదట్లోనే పెద్ద నదుల చేపలకని రాసి ఉంది. తొందరలో దాన్ని దాటేశాను. అయితే పుస్తకం నన్ను పూర్తిగా వదిలెయ్యలేదు. ఇంకో పేజీలో చిన్న రీలు బొమ్మ ఉంది. లోపలి నాలుక లాంటి ముక్కను తిప్పి బిగిస్తే ఎడమ చేత్తో చుట్టుకోవచ్చని గీసి చూపించారు. అది అక్కకూ తెలియదు. అలా బిగించి ఇస్తే, మామ కర్రను కుడి చేతిలోంచి మార్చకుండానే చుట్టుకోగలిగాడు. "అమ్మో, నాన్న కూడా ఇలా చేయడం చూడలేదు!" అని అక్క అన్నప్పుడు నేను గ్రంథాలయానికంతా వారసురాలినన్నట్టు నిలబడ్డాను.

రీలుతోపాటు అక్క ఇచ్చిన తాడు పట్టుది. తాతయ్య దాన్ని వేళ్ళ మధ్య నలిపి, కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూశాడు. దాని కింద, రీలు అడుగున, కొంచెం నూలు చుట్టమంటే, నేతవాడి అలవాటు కొద్దీ రీలును మగ్గపు కండెలాగా అంచుదాకా బిగించి నింపేశాడు. పట్టుతాడుకు చోటే లేకపోయింది.

"గిదేంది నాయినా, తాడు నెత్తిన చుట్టుకోవాల్నా?" అన్నాడు మామ.

"కండె నిండకుంటే మగ్గం కాడ పరేషాన్ గాదురా!" అని గొణుగుతూనే తాతయ్య సగం విప్పాడు.

మామ చిన్న రీలు తీసుకొని ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే అక్కవాళ్ళ సామాను కూడా లారీకి ఎక్కింది. గోడ మీది బొగ్గు రాతలను మా అమ్మ అంతకుముందే తడిగుడ్డతో తుడిచింది గాని, మరక మిగిలింది. అక్క లారీ ఎక్కే ముందు నా కుడి మణికట్టు పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉంది," అంది. అంతే. ఆ తరువాత ఆమె ఎక్కడుందో మాకు తెలియలేదు.

మరుసటి సెలవుకు మామ వచ్చినప్పుడు నేను బావి దగ్గర ఉన్నాను. నా చేతిలోని చేద తీసుకొని, గిలక మీద తాడు కుడి చేత్తో లాగి నీళ్ళు తోడాడు. చేపలు పడ్డాయా అని అడిగితే, రెండే పడ్డాయన్నాడు. లారీ మాత్రం మళ్ళీ నడుపుతున్నానన్నాడు.

ఈ మధ్య మా వదినకు ఫోను కొనడానికి ఎల్‌బీ నగర్‌లో ఒక దుకాణానికి వెళ్ళాను. వాతంతో ఆవిడ వేళ్ళు కొయ్యబారిపోయాయి. వెళ్ళేముందు ఫోన్ల గురించి దొరికినదంతా చదివాను, ఆ అలవాటు పోదు. దుకాణదారు, "గీ మోడల్ తీస్కోండమ్మా, కెమెరా మస్తుంటది," అంటూ కొత్తది చేతిలో పెట్టాడు. నేను చదివినది కూడా అదే. నా చీర కొంగు చివర వేళ్ళకు గట్టిగా చుట్టుకొని దాని మీద నొక్కి చూశాను. ఒక్క అంకె కూడా సరిగ్గా పడలేదు.

"ఏం చేస్తున్నరమ్మా?" అన్నాడతను.

"పెద్ద గుండీలున్నది చూపించు బాబూ," అన్నాను, కొంగు విప్పకుండానే.