మాస్టారింటికి జున్నుపాలు

పోర్ట్ బ్లెయిర్ బజారు నుంచి లంబాలైన్ మీదుగా వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో చిన్న పాలక్యాను ఉంది. దాని మూత మీంచి ఆవిడ చెయ్యి తీయడం లేదు.

"లంబాలైన్‌లో రిటైరైన తెలుగు మాస్టారిల్లు తెలుసా భయ్యా? గేదె ఈనింది. మా అన్న జున్నుపాలు పంపాడు."

ఆ మాస్టారిని నేనే. ఆ మాట చెప్పబోయి, ఆ అన్న ఎవరో తట్టి ఆగిపోయాను.

ఇక్కడ అండమాన్‌లో పార్టీ గుర్తుల మీదే జరిగే పంచాయతీ ఎన్నికలకు మా పార్టీ టికెట్ అడిగిన పాడిరైతు ఆయన. నిలబడమని పట్టుబట్టిందీ, ఇంటింటికీ వెంట తిప్పిందీ నేనే. అభ్యర్థిని ఎంచుకునే రోజు, మా పద్ధతి ప్రకారం, టికెట్ అడిగినవాళ్లను బయట కూర్చోబెట్టి లోపల మా చేత చేతులెత్తించారు. పోటీదారు ఒక కాంట్రాక్టరు. అతని తమ్ముడు నా పక్కనే కూర్చున్నాడు. పాడిరైతు పేరు చదివినప్పుడు నా చెయ్యి లేవలేదు.

"అందరూ ధోకా ఇచ్చారు భయ్యా," అంది ఆవిడ. "మా అన్నకి ఒక్క చెయ్యే లేచిందంట. అది మాస్టారిదేనని ఒకటే సంబరం, పిచ్చోడికి. అందుకే తొలిపాలు ఆయనకే అన్నాడు."

"ఎయిర్‌పోర్టు గోడ పక్క సందు దీదీ. నీలం గేటు," అన్నాను.

మా స్టాపులో ఆవిడ దిగింది. నేను దిగలేదు.

ఇంటికి చేరేసరికి మా ఆవిడ బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి ఉంచింది. తిన్నాను.

ఆ ఒక్క చెయ్యి ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ వేళ నేను తల వంచుకుని ఉన్నాను.