పాత వీధిలో సుద్దముక్క

ఆదివారం నాడు తిరుపతిలో ఒక వీధి వీధంతా కలిసి, నన్ను మళ్లా ఆ పక్కకి రావద్దని చెప్పి పంపినారు. తిట్టి పంపినా బాగుండేది. మజ్జిగ తాగించి మరీ పంపినారు. సోమవారం నుంచి నేను స్టాఫ్ రూములో నోరెత్తకుండా కూర్చోనుంటే, ఒంట్లో బాగాలేదా సార్ అని మీరందరూ అడుగుతా ఉండారు. ఒళ్లు బాగానే ఉండాది. చెప్తాను వినండి. మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తాను.

వచ్చే నెల మన తొమ్మిదో తరగతి పిల్లకాయల్ని తిరుపతికి ఎక్స్‌కర్షన్ తోడుకోని పోవాల గదా. హెడ్మాస్టరు నన్ను పిలిచి, "కొండ అందరూ చూపిస్తారు. మీరు సోషల్ సారు, చరిత్ర ఏదైనా చూపించండి" అన్నాడు. సరే, ముందు నేనొక్కన్నే పోయి చూసి వద్దామని ఆదివారం పొద్దున్నే చిత్తూరులో బస్సెక్కినా. చేతిలో గొడుగు, భుజానికి నల్ల సంచి. సంచిలో ఒక నోటుబుక్కు, మా ఇంటామె కుట్టుమిషను కాడ నుంచి చెప్పకుండా తీసుకున్న టేపు. జేబులో సుద్దముక్క సంగతి వేరే చెప్పాలనా? పదహైదేండ్లుగా అది లేని చొక్కా నాకు లేదు.

బస్టాండు కాడ ఇడ్లీ తిని, గోవిందరాజ స్వామి గుడి చుట్టూ ఉండే పాత వీధుల్లో ఒకదాంట్లోకి నడిచినా. వీధి పేరు చెప్పను, మీకే మంచిది. రెండు పక్కలా నూనె పట్టి నల్లగా నునుపుదేరిన చెక్క స్తంభాలు, మనిషి కాళ్లు చాపి పడుకునేంత తిన్నెలు, ఏనుగులు చెక్కిన వాకిళ్లు. ఒక తిన్నె మింద ఇత్తడి చెంబులు అమ్ముతా ఉండారు, దాని పక్క తిన్నె మింద ఒకాయన గడ్డం చేయించుకుంటా ఉండాడు. ఇన్నేండ్లుగా కొండకి పోతా వస్తా ఈ దావన ఎన్నిసార్లు నడిచినానో, ఒక్కసారి తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఒకటే సంబరం నాకు. చిన్నపిల్లోని మాదిరి అయిపోయినా.

ఏ ఇండ్లు చూపించాలో తీరా ఆ రోజుకి మర్చిపోతానని, మంచి ఇల్లు కనబడినప్పుడల్లా గోడ మూలన సుద్దముక్కతో నెంబరు ఏసుకుంటా పోయినా. తేరు తిరిగేదానికి వీధి ఎంత వెడల్పు పెట్టినారో చెప్తే పిల్లకాయలకి బాగుంటాదని, టేపు తీసి ఈ తిన్నె నుంచి ఆ తిన్నెకి వంగి వంగి కొలిచినా.

మొదటి నెంబరు ఏసిన ఇంటి తిన్నె మింద ఒక అవ్వ కూర్చోని అనపకాయలు ఒలుస్తా ఉండాది.

"ఏంది నాయనా రాస్తా ఉండావు?" అనింది.

"ఏం లేదవ్వా. నీ ఇల్లు బాగా పాతది గదా, నెంబరు ఏసుకుంటా ఉండా. వచ్చే నెల మళ్లా వస్తాంలే."

"వస్తామంటే, ఎంతమంది?"

"నలభై మంది."

ఆమె చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "ఇంత చిన్న ఇంటికి నలభై మందా?"

"అందరూ ఒకేసారి లోపలికి రారులేవ్వా. ముందు ఈ తిన్నె కాడ మొదలుపెడతాం" అన్నా.

అవ్వ చేట ఎత్తుకోని లోపలికి పోయి తలుపేసుకునింది. పెద్దామె, ఎండ పడలేదేమో అనుకున్నా.

నాలుగో ఇంటికొచ్చేసరికి నాకు మర్యాదలు మొదలైనాయి. ఇత్తడి అంగడి మునిరత్నమంట, ఆయన స్టూలేసి, కాఫీ తెప్పించి, "సార్, మా ఇల్లు పాతదని మీకెవరు చెప్పినారో గానీ, మొన్న మొన్న మా నాయన కట్టించింది సార్ ఇది" అన్నాడు.

తలెత్తి చూస్తే స్తంభాల మింద చిలకలకి ముక్కులు అరిగిపోయి ఉండాయి. "కాదప్పా, నూరేండ్లు దాటి ఉంటాది. నాకు ఈ విషయంలో అనుభవం ఉండాది" అన్నా.

ఆయన ముఖం వాడిపోయింది. "అట్లయితే ఎదురిల్లు చూడండి సార్. దానికి రెండు నూర్లు ఉంటాయి. ముందు దాని సంగతి చూడండి."

అంతలో ఎదురింటాయన పరిగెత్తుకోని వచ్చి, తన ఇంటికి అంత వయసు లేదనీ, వీధిలో అన్నిటికంటే పాతది మునిరత్నం ఇల్లేననీ వాదనకి దిగినాడు. సొంత ఇంటిని పక్కనబెట్టి ఎదురింటి గొప్ప చెప్పే మనుషుల్ని నేను మన చిత్తూరులో చూడలేదు. నోటుబుక్కులో రాసుకున్నా కూడా, 'ఈ వీధివాళ్లకి గర్వం లేదు' అని. కాస్త దూరం పోయి వెనక్కి తిరిగి చూస్తే, నేను మునిరత్నం గోడకి ఏసిన నాలుగో నెంబరు ఎదురింటి గోడ మింద ఉండాది. ఎండకి నేనే తప్పు ఏసినానేమో అనుకోని ముందుకు పోయినా.

వీధి చివర ఒక తిన్నె చుట్టూ పదిమంది గుంపుగా నిలబడి ఉండారు. మధ్యలో కుర్చీలో కోదండం అని ఒక పెద్దాయన, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనాడంట. నన్ను చూసి, "సార్, మీరు చదువుకున్నోళ్ల మాదిరి ఉండారు. నా చెయ్యి వణుకుతాది. మాకొక అర్జీ రాసిపెడతారా?" అన్నాడు.

"ఏమొచ్చింది సార్ కష్టం?"

"రోడ్డు వెడల్పు చేసేదానికి మా ఇండ్లు కొట్టేస్తారంట. పొద్దున్నుంచి వీధి వీధంతా అన్నం మానుకోని ఉండాది."

ఇంత అందమైన వీధిని కొట్టేస్తారంటే నాకు రక్తం ఉడికిపోయింది. తిన్నె మింద కూర్చోని, వాళ్లు చెప్పకముందే నాలుగు లైన్లు సొంతంగా రాసినా. 'తరతరాల చరిత్ర గల ఈ వీధిని నేలమట్టం చేయబూనడం అమానుషం' అని క్లాసులో చదివినట్ల చదివి వినిపించినా. అందరూ తలలూపినారు. ఒకాయన ఇంకోసారి చదివించుకున్నాడు.

"ఇంగ జరిగింది రాయండి సార్" అని కోదండం మొదలుపెట్టినాడు. "ఈ దినం పొద్దున ఒక ఆఫీసరు, నోటీసు లేకుండా మా వీధికి వచ్చి..."

వచ్చి, అని రాసినా.

"ఇండ్ల గోడలకి సుద్దముక్కతో నెంబర్లేసి..."

సుద్దముక్కతో, అని రాసినాక పెన్ను ఆగిపోయింది. నా వేళ్ల పక్క చూసుకున్నా. తెల్లగా ఉండాయి. మెల్లిగా పంచెకి తుడుచుకోని, గొడుగుని, సంచిని కాలితో తిన్నె పక్కకి తోసినా.

"రాయండి సార్. ఒంటిగా ఉండే ముసలామెని, నలభై మందితో వచ్చి తిన్నె కాడ మొదలుపెడతానని బెదిరించినాడు."

"బెదిరించినాడో, మామూలుగా చెప్పినాడో" అన్నా.

"మీకెట్ల తెలుసు?"

"తెలీదు" అని, బెదిరించినాడనే రాసినా.

"మనిషి ఆనవాళ్లు కూడా పెట్టండి. కళ్లజోడు, నల్ల సంచి, బట్టతల."

"బట్టతల అంటే, ముందు పక్క కొంచెం పలచనేమో..."

"బట్టతలే సార్. మునిరత్నం బాగా దగ్గరగా చూసినాడు."

అదీ రాసినా. నన్ను ఆ మాట అనే ధైర్యం మా ఇంట్లోనే ఎవరికీ లేదు, ఆడ నా చేత్తో నేనే రాసుకున్నా. లేచి పోదామంటే చుట్టూ జనం. మొదటి సంతకం మీరే పెట్టండి, పెద్దమనిషి సంతకముంటే బరువు ఉంటాదని కోదండం అంటా ఉండంగానే, అవ్వ ముందు నడుస్తా వీధిలో మిగిలిన జనమంతా వచ్చినారు. అవ్వ నా ముఖం చూసింది, నా చేతిలో కాగితం చూసింది.

"అర్జీ ఈయనతోనా రాయిస్తా ఉండావు కోదండం? ఈయనే గదప్పా ఆయన."

అందరూ కాగితం చూసినారు, నన్ను చూసినారు. ఆనవాళ్లన్నీ సరిపోయినాయి. అంత బాగా రాసినా.

నేను ఆఫీసరు కాదు, చిత్తూరులో బడి అయివారిని, పిల్లకాయల్ని తోడుకోని వచ్చి వీధి చూపించేదానికి ముందుగా చూసుకుందామని వచ్చినా అని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. సంచి గుమ్మరించినారు. అవ్వ టేపుని చేతిలోకి తీసుకునింది. దాని కొసన జాకెట్టు గుడ్డ పీలిక ఒకటి గుండుసూదితో గుచ్చి ఉండాది.

"ఏ గవర్నమెంటోడప్పా, జాకెట్టు కొలిచే టేపుతో రోడ్డు కొలిచేది?" అనింది.

ముందు మునిరత్నం నవ్వినాడు. తర్వాత కోదండం. ఆ తర్వాత వీధంతా. ఆ నవ్వు ఆగేదాకా నేను కోదండం కుర్చీ పట్టుకోని నిలబడుకున్నా.

శిక్ష అవ్వే చెప్పింది. చేతికి బొక్కెన, తడిగుడ్డ ఇచ్చి, ఏసినోడే తుడిచేసి పోవాల అనింది. నేను ఏసింది తొమ్మిది నెంబర్లు, తుడిచింది పదునాలుగు. నావి కానివి ఎవరు ఎవరి గోడకి ఏసినారో నాకు చూడంగానే తెలిసిపోయింది, ఇన్నేండ్లుగా చేతిరాతలు దిద్దేదే గదా నా పని. చెప్దామని నోరు తెరిస్తే మునిరత్నం నన్ను చూసి తల అడ్డంగా ఊపినాడు. నోరు మూసుకోని తుడిచినా.

అంతా అయినాక మజ్జిగ ఇచ్చినారు. అర్జీ చించేద్దామని చెయ్యి చాపితే కోదండం ఇవ్వలేదు. "బాగా రాసినారు సార్, ఎప్పుడైనా నిజంగా ఎవరైనా వస్తే పనికొస్తాది. ఆనవాళ్లు మాత్రం మార్చుకుంటాం" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వీధంతా వెంట రాంగా, అవ్వ వీధి మొగ దాకా వచ్చి సాగనంపింది. "పిల్లకాయల్ని తోడుకోని రా నాయనా, తిన్నె మింద కూర్చోబెట్టి అందరికీ అనపగింజలు ఉడకబెట్టి పెడతాను. నువ్వు మాత్రం రావద్దు" అనింది.

కాబట్టి, చరిత్ర చూపించే పని మీలో ఎవరైనా తీసుకోండి. మాట్లాడాల్సిందంతా నేను రాసిస్తాను, నా రాత బాగుంటాదని తిరుపతిలో పేరుండాది. మీరొచ్చేదాకా నేను బస్టాండులో కూర్చోని క్యారియర్లకి కాపలా ఉంటాను.