తెర మీద ఏమున్నదో చెప్పు

ప్రిస్కిల్లాకు నాలుగేళ్ళప్పుడు తట్టు పోసి చూపు పోయింది. తల్లి కృపమ్మ సదాశివపేట దగ్గర ఒక మిషన్ దవాఖానలో ఆయా. పిల్లను ఇంట్లో కూర్చోబెట్టకుండా నగరంలోని అంధుల బడిలో చేర్పించింది. ప్రిస్కిల్లా అక్కడ బ్రెయిల్ నేర్చుకుంది, ఆ తర్వాత టైపు నేర్చుకుంది. ఇంగ్లిషు టైపు పరీక్షలు లోయరూ హయ్యరూ రెండూ మొదటిసారే పాసై, లింగంపల్లి స్టేషన్ రోడ్డులో శ్రీనివాసరావు గారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో టీచరుగా చేరింది.

ఒకే గదిలో పన్నెండు మిషన్లు టకటకలాడుతుంటే ఆమె మధ్యలో నడుస్తూ వినేది. చిటికెన వేలి దెబ్బ పలచగా పడుతుంది. ఆ పలచని చప్పుడు రాలేదంటే ఆ వేలు పని ఇంకో వేలు చేస్తున్నట్టు లెక్క. "మూడో మిషను, చిటికెన వేలు నిద్రపోతున్నది" అనేది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి రోజు తడబడేవాళ్ళు. రెండో వారానికి ఆమె వెనక నిలబడితే చాలు, వేళ్ళు వాటంతట అవే సరిగ్గా పడేవి.

తొంభై ఏడులో సంగతి మారింది. మాదాపూర్ వైపు కంప్యూటర్ కంపెనీల భవనాల కోసం బండలు పేలుస్తున్న చప్పుడు మధ్యాహ్నాల్లో దూరం నుంచి వినపడేది. ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి వచ్చే ప్రతివాళ్ళూ ముందు అడిగే మాట "కంప్యూటర్ ఉన్నదా?" అనే. శ్రీనివాసరావు గారు గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, కాలాన్ని తొందరగానే పసిగట్టాడు. ఆరు టైపు మిషన్లు అమ్మేసి నాలుగు కంప్యూటర్లు కొన్నాడు. నేర్పడానికి అనంతపురం నుంచి వచ్చిన భరత్ అనే డిగ్రీ కుర్రాణ్ణి పెట్టుకున్నాడు.

"మీ ఆరు మిషన్లు మీకుంటాయమ్మా" అన్నాడు ప్రిస్కిల్లాతో. "ఎన్నాళ్ళుంటాయో నేను చెప్పలేనండీ."

"మిషన్ల సంగతి తర్వాత సార్. పొద్దుగాల క్లాసు కంటే ముందు ఒక గంట నాకు కంప్యూటర్ కావాలె" అంది ప్రిస్కిల్లా.

ఆయన తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు ఆరున్నరకే ఆమె కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. అక్షరాలన్నీ తెలిసిన చోటే ఉన్నాయి. ఎఫ్ మీదా జె మీదా చిన్న బొడిపెలు తగిలాయి. టైపు మిషనుకు ఇవి లేవు, ఇది తన కోసమే చేసినట్టుంది అనుకుంది. చేతికి అలవాటైన బరువుతో 'ఏ' అక్షరం మీద నొక్కింది.

"అక్కా, చెయ్యి తియ్యండి. ఇరవై 'ఏ' అక్షరాలు పడినాయి" అన్నాడు భరత్.

బలం తగ్గించుకోవడానికి రెండు రోజులు పట్టింది. టైపు మిషనులో లాగా వరస చివర గంట మోగదు కాబట్టి, లెక్కపెట్టుకుని వరస వరసకూ ఎంటర్ కొట్టేది. అక్కర్లేదు, మాట పట్టకపోతే అదే కింది వరసలోకి జారుతుంది అని భరత్ చెప్పాక ఆ లెక్క మానేసింది. మౌసును చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ దొర్లించి, కింద పెట్టేసింది.

"బాణం గుర్తు ఎటు పోతున్నదో నాకు తెల్వదు. ఇది లేకుండ ఎట్ల చేస్తరో చెప్పు."

భరత్‌కు అది తెలియదు. కోఠీలో పాత పుస్తకాల దుకాణంలో వెతికి ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు. అందులో మీటల గురించిన అధ్యాయం చదివి వినిపించాడు. కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కితే చేసిన పని భద్రమవుతుంది. ఆల్ట్ పట్టుకుని ఎఫ్ నాలుగు నొక్కితే తెరిచింది మూతపడుతుంది. కంట్రోల్‌తో ఎస్కేప్ నొక్కితే స్టార్ట్ మెనూ లేస్తుంది, పై కింది బాణాలతో అందులో తిరగొచ్చు. ప్రిస్కిల్లా ప్రతి వాక్యాన్నీ దళసరి కాగితాల మీద బ్రెయిల్‌లో గుచ్చుకుంది.

డెస్క్‌టాప్ దగ్గర మాత్రం ఇద్దరూ ఆగిపోయారు.

"బొమ్మలుండాయి అక్కా" అన్నాడు భరత్.

"ఎన్ని? ఎక్కడ?"

"ఎడంపక్క, పై నుంచి కిందికి ఐదు. అడుగున ఒక పట్టీ ఉంది. దాని ఎడమ మూల స్టార్ట్, కుడి మూల టైము."

"బల్ల మీద పెట్టి చూపించు."

అతను తన టిఫిను డబ్బా మూతలూ, డస్టరూ, సుద్దముక్కలూ, ఏది ఏ బొమ్మో పేరు చెబుతూ, బల్ల మీద ఆ వరసలోనే పేర్చాడు. అడుగున స్కేలు పెట్టాడు. ఆమె అరచేతులతో మెల్లగా తడిమింది. తర్వాత కీబోర్డు వైపు తిరిగి, బాణం మీట మూడుసార్లు కిందికి నొక్కి, "ఇప్పుడు రీసైకిల్ బిన్ బొమ్మ మీద ఉన్న" అంది. నిజంగానే ఉంది.

నెలన్నర గడిచేసరికి ఉత్తరం టైపు చేసి, దాచి, మళ్ళీ తెరిచి, ప్రింటు తీయడం ఆమెకు చేతనైంది. సరిగ్గా అప్పుడే భరత్‌కు మాదాపూర్‌లో ఉద్యోగం దొరికింది. శనివారం చెప్పి శనివారమే వెళ్ళిపోయాడు. సోమవారం నుంచి ఒక సర్కారు ఆఫీసు సిబ్బంది పది మంది రావాల్సి ఉంది.

"సోమవారం ఒకరోజు ఆగమని చెప్తానండీ, ఇంకెవర్నైనా చూస్తాను" అన్నాడు శ్రీనివాసరావు గారు.

"క్లాసు నేను చెప్త సార్."

"మీకు వచ్చని నాకు తెలుసమ్మా. కానీ వాళ్ళ తెర మీద ఏముందో మీకెలా తెలుస్తుంది?"

"వాళ్ళే చెప్తరు" అంది ప్రిస్కిల్లా.

సోమవారం ఆమె పెట్టిన నియమం ఒక్కటే. తెర మీద ఏమున్నదో పైకి చదవకుండా ఎవరూ ఏ మీటా ముట్టుకోకూడదు. "కళ్ళు లేనామె కంప్యూటర్ నేర్పుడేంది" అని ఇద్దరు గొణిగి, మూడో రోజు నుంచి రావడం మానేశారు. ఆమె విన్నది. మిగతావాళ్ళను మాత్రం ఒక్క రోజు కూడా ఊరకే కూర్చోనివ్వలేదు.

ఆ బ్యాచీలో అంజమ్మ అనే ఆమె ఉంది. నలభై ఐదు దాటాయి. భర్త పోయాక అదే ఆఫీసులో అతని బదులు ఉద్యోగం వచ్చింది. రికార్డు గదిలో ఏ ఫైలు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదని ఆమెను కంప్యూటర్‌కు పంపారు. ఇంగ్లిషు కూడబలుక్కుని చదువుతుంది.

"టీచరమ్మా, ఏందో వచ్చింది" అనేది ప్రతిదానికీ.

"ఏందో అంటే నాకెట్ల ఎరుక అక్కా? చదువు."

"నాకు జర భయమైతది."

"భయమైతే మెల్లగ చదువు. అది ఏడికి పోదు, నువ్వు చెప్పేదాక ఆగుతది."

అంజమ్మ ఒక్కో అక్షరమే పలికేది. ప్రిస్కిల్లా ఆ మాటకు అర్థం చెప్పి, "ఇప్పుడు నిన్ను ఏం అడుగుతున్నది? నీకు ఏం కావాలె?" అని తిరిగి అడిగేది. మూడు వారాలకు అంజమ్మ నోట 'ఏందో' అనే మాట తగ్గిపోయింది. "మార్పులు దాచమంటవా అని అడుగుతున్నది" అని తనే చెప్పసాగింది.

తొంభై ఎనిమిది వేసవిలో ఒక మధ్యాహ్నం ఇన్‌స్టిట్యూట్‌కు ఫోనొచ్చింది. అంజమ్మ గొంతు. వాళ్ళ ఆఫీసులో కంప్యూటర్ ఉండేది ఆఫీసరు గారి ఏసీ గదిలో, చెప్పులు విప్పి లోపలికి పోవాలి. ఆ పొద్దున్నుంచి అంజమ్మ కూర్చుని పింఛన్ల జాబితాలో కొత్త పేర్లు చేర్చింది. కొత్త గుమాస్తా ఒకాయన ఏ మీటలు నొక్కాడో, ఏడు వందల పేర్లూ మాయమై తెల్లటి తెర మిగిలింది. అతను కంగారులో మూసేయబోయాడు. చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు, ఒకాయన స్విచ్చి ఆపమంటున్నాడు.

"స్విచ్చి ఎవరూ ముట్టొద్దు" అంది ప్రిస్కిల్లా. "తెర మీద ఏమున్నదో చెప్పు అక్కా."

"నడుమ చిన్న డబ్బా ఉన్నది. మార్పులు దాచాల్నా అని. కింద యెస్, నో, క్యాన్సిల్. సారు యెస్ కొట్టుమంటున్నరు."

"యెస్ కొడితే ఖాళీ కాయితమే దాస్తది. నో కొడితే పొద్దున చేర్చినయి పోతయి. ఎస్కేప్ కొట్టు, డబ్బా పోవాలె. పోయిందా?"

"పోయింది."

"ఇప్పుడు కంట్రోల్ పట్టుకొని జెడ్ కొట్టు, ఆఖరికి చేసిన పని రద్దయితది. ఒక్కసారి. కొట్టి చూడు."

ఫోన్లో మీట నొక్కిన చప్పుడు వినపడింది. తర్వాత ఒక్కసారిగా నలుగురు మాట్లాడారు.

"వచ్చినయి టీచరమ్మా, అన్నీ వచ్చినయి."

"ఆఖరి పేరు చదువు."

అంజమ్మ చదివింది. పొద్దున తను చేర్చిన ఆఖరి పేరే అది.

"ఇగ కంట్రోల్ ఎస్ కొట్టి, పోయి నీళ్ళు తాగు" అంది ప్రిస్కిల్లా. ఫోను పెట్టేసి క్లాసులోకి వెళ్ళింది.

ఆ కంప్యూటర్ అమ్మిన కంపెనీ ఇంజనీరు సాయంత్రానికి గానీ రాలేదు. చేయడానికి పనేమీ లేదు. ఎవరు బాగుచేశారని అడిగి, విన్నది వెళ్ళి తన పైఅధికారికి చెప్పాడు. వారం తిరక్కముందే తేజస్విని అనే ఆమె లింగంపల్లి వచ్చింది. ఆ కంపెనీలో మరమ్మతుల విభాగం మొత్తం ఆమె చేతిలో ఉంది. వచ్చి, అరగంట క్లాసు వెనక బెంచీలో కూర్చుని విన్నది.

"మా ఇంజనీర్లు ఫోన్లో 'అదిగో, ఆ మూలది నొక్కండి' అంటారండీ" అంది తర్వాత. "ఏ మూలో అవతలివాళ్ళకు తెలియదు. ఇక లాభం లేక స్కూటరేసుకుని బాచుపల్లి దాకా వెళ్తే, అక్కడ వైరు ఊడి ఉంటుంది. మాదాపూర్‌లో ఫోన్ల కోసమే ఒక డెస్కు పెడుతున్నాం. మీరు వస్తారా?"

"వస్త. మీ ప్రోగ్రాములన్నిటి తెరలు నాకు పదిహేను రోజులు ఎవరన్న చదివి వినిపించాలె. నేను రాసుకుంట. ఆ తర్వాత ఎవరి సాయం అక్కర్లేదు."

తేజస్విని ఒప్పుకుంది. శ్రీనివాసరావు గారికి ఆ కబురు తనే చెప్పింది ప్రిస్కిల్లా. ఆయన టైపు మిషను మీది గుడ్డ సర్దాడు. "ఆదివారాలు మాత్రం నాకివ్వండమ్మా, ఆడవాళ్ళ బ్యాచీ ఉంది" అన్నాడు.

"ఆదివారం చర్చి ఉంటది సార్. శనివారం పొద్దున వస్త."

తొంభై తొమ్మిదిలో ఆమె రోజూ సెవెన్ సీటర్ ఆటోలో కొత్తగూడ మీదుగా మాదాపూర్ వెళ్ళేది. మొదటి నెల కొందరు ఇంజనీర్లు ఆమె పక్క సీటుకు వచ్చి, ఎలా చెప్తుందో వినిపోయేవాళ్ళు. రోజుకు ముప్ఫై నలభై ఫోన్లు. వాటిలో సగానికి పైగా అక్కడికక్కడే తేలిపోయేవి. క్యాప్స్ లాక్ దీపం వెలుగుతున్నదా అని ఒక్క మాట అడగ్గానే చాలామంది నవ్వి ఫోను పెట్టేసేవాళ్ళు. ఆ ఏడాది చివర్లో, రెండు వేల సంవత్సరం రాగానే యంత్రాలన్నీ ఆగిపోతాయన్న పుకారుతో ఫోన్లు రెట్టింపయ్యాయి. ఆమె ఒక్కొక్కరి చేతా కంప్యూటర్‌లో తారీఖు తెరిపించి, చదివించి, దేనికి నిజంగా మరమ్మతు కావాలో దేనికి అక్కర్లేదో చెప్పేది.

పని పెరిగి డెస్కులోకి ఇంకో నలుగుర్ని తీసుకున్నారు. నలుగురికీ చూపుంది. వాళ్ళకు నేర్పే పని ప్రిస్కిల్లాకే అప్పగించారు. ఆమె మొదటి రోజే వాళ్ళ కుర్చీలన్నీ తిప్పించి, తెరలకు వీపు పెట్టి కూర్చోబెట్టింది.

"ఎన్ని రోజులు మేడమ్ ఇట్లా?" అని అడిగింది వాళ్ళలో లావణ్య అనే అమ్మాయి.

"వారం. ఫోన్లో నీకు తెర కనపడదు కదా. అడుగుడు నేర్చుకోవాలె" అని ప్రిస్కిల్లా హెడ్‌ఫోను ఆ అమ్మాయి చేతికిచ్చి, తను రెండో హెడ్‌ఫోను పెట్టుకుని వినడానికి పక్కన కూర్చుంది.