నీళ్ళు తాగని తరగతి

2023 సెప్టెంబరు. నేను పబ్లిక్ హెల్త్ నర్స్‌ని, అంటే ఆసుపత్రిలో కాకుండా బళ్ళ చుట్టూ, ఊళ్ళ చుట్టూ తిరిగే నర్సునన్నమాట. మేముండేది కెనడాలో, కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో. ఆ ఏడాది నాకు అక్కడికి ఉత్తరాన, పొలాల మధ్య ఉన్న ఒక హైస్కూల్ అప్పగించారు. ఆ చుట్టుపక్కల డాక్టరు దొరకడమే గగనం. అక్కడ మేం మొదలుపెట్టింది పీర్ ఎడ్యుకేషన్: పన్నెండో తరగతి పిల్లలకి మేం శిక్షణ ఇస్తాం, వాళ్ళు వెళ్ళి తొమ్మిదో తరగతి వాళ్ళకి ఆరోగ్య పాఠాలు చెబుతారు. పెద్దవాళ్ళు చెబితే చెవికెక్కనిది తోటివాళ్ళు చెబితే ఎక్కుతుందని ఆశ. నాకు మాత్రం లోపల అనుమానంగానే ఉండేది.

శిక్షణకి వచ్చినవాళ్ళలో బ్రూక్ అని ఒకమ్మాయి. పేర్లన్నీ మార్చి రాస్తున్నాను. వాళ్ళది పాడి ఆవుల ఫార్మ్. మాట సూటిగా ఉండేది. నా స్లైడ్లన్నీ చూసి, నీళ్ళు తాగడం గురించి నేను ముచ్చటపడి చేసుకున్న దాని దగ్గర ఆగింది.

"మిస్, ఇది నేను చెప్పను."

"అన్నిటికంటే తేలికైంది అదే కదా?"

"ఎవరూ తాగరు. చెప్పి ఏం లాభం?"

నాకు ఒళ్ళు మండింది. ఆ స్లైడ్ చేసిందే హేలీ కోసం. తొమ్మిదో తరగతిలో చేరిన ఆ పిల్లకి యూటీఐ, అంటే మూత్రనాళ ఇన్ఫెక్షన్, మళ్ళీ మళ్ళీ వస్తోంది. చివరిసారి కిడ్నీ దాకా పాకి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఇంకొక్కసారి వస్తే బడి మాన్పించి ఇంట్లోనే ఆన్‌లైన్ చదువు పెట్టిస్తానని వాళ్ళమ్మ తేల్చి చెప్పేసింది. హేలీ ఏడ్చింది. వాళ్ళింటి చుట్టూ మొక్కజొన్న చేలు తప్ప మనుషులు లేరు, స్నేహితులంతా బళ్ళోనే ఉన్నారు.

"నీళ్ళు తాగుతున్నావా?" అని నేను ఎప్పుడడిగినా, "తాగుతున్నా" అని జవాబు తయారుగా ఉండేది. షుగర్ లేదు, పరీక్షలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి ఎందుకొస్తోంది? కారు నడుపుతూ కూడా అదే ఆలోచన.

అక్టోబరులో మొదటి క్లాసు. నేను వెనక బెంచీలో కూర్చుని నోరు మూసుకోవాలన్నది నియమం. నన్నెరిగినవాళ్ళకి తెలుసు, అదెంత కష్టమో. బ్రూక్ నా స్లైడ్ పెట్టనేలేదు. టీచర్ బల్ల అంచున కూర్చుని, "మీరు ఎన్నింటికి నీళ్ళు తాగడం ఆపేస్తారు? నేనైతే లంచ్‌కే ఆపేసేదాన్ని" అంది.

పిల్లలు ముందు నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు.

"నేనూ లంచ్‌కే."

"నేను బడికొచ్చాక అసలు ముట్టను."

హేలీ తల వంచుకుని, "నేను ముందురోజు రాత్రి భోజనం దగ్గరే ఆపేస్తా" అంది. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

సంగతి ఇదీ. హేలీ ఇల్లు బస్సు దారి చివర. పొద్దున అందరికంటే ముందు ఎక్కాలి, సాయంత్రం అందరికంటే చివర దిగాలి. అటు గంటకి పైన, ఇటు గంటకి పైన. స్కూల్ బస్సులో బాత్రూమ్ ఉండదు. బడిలో ఉన్నవాటికి లాస్ట్ పీరియడ్‌లో తాళం పడుతుంది, ఎందుకంటే పిల్లలు అక్కడ చేరి ఈ-సిగరెట్లు పీలుస్తున్నారు. బెల్ కొట్టగానే బస్సులు కదిలిపోతాయి.

జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివినన్నాళ్ళూ నేను చేసిందీ అదే. మా బాత్రూమ్‌కి తలుపు ఉండేది కాదు. పొద్దున గుక్కెడు నీళ్ళు తాగి బయల్దేరితే, ఆడపిల్లలం మళ్ళీ ఇంటికెళ్ళాకే. అద్దంలా మెరిసే టైల్సూ, మంచి తలుపులూ ఉన్న బడిలో కూడా అదే జరుగుతుందని నాకు తట్టనే లేదు. కెనడా కదా అనుకున్నాను!

బ్రూక్‌నీ వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. మంచాయనే. కానీ, "తాళం తీస్తే మళ్ళీ పొగే" అని చేతులెత్తేశాడు.

"లాస్ట్ పీరియడ్ మాకు స్పేర్" అంది బ్రూక్. స్పేర్ అంటే పై తరగతి వాళ్ళకుండే ఖాళీ పీరియడ్. "మేం గుమ్మంలో నిలబడతాం. మా ముందు ఎవరు వేప్ చేస్తారో చూస్తాం."

ఆయన నవ్వి, ఒక నెల చూద్దామన్నాడు. మొదట్లో సిగ్గుపడి ఎవరూ రాలేదు. బ్రూకే క్లాసు దాకా వెళ్ళి హేలీని పిలుచుకొచ్చేది. హేలీ వెంట ఇంకో ఇద్దరు, వాళ్ళ వెంట ఇంకొందరు. నెల అయిపోయింది, తాళం మాత్రం మళ్ళీ పడలేదు.

ఈ వయసు పిల్లల్ని "చేస్తున్నావా?" అని పెద్దవాళ్ళం అడిగితే "ఊఁ" అనే అంటారు. అదే బస్సులో, అదే అవస్థ పడి వచ్చిన పిల్ల అడిగితే నిజం చెబుతారు. నా అనుమానం అక్కడితో తీరింది. నర్సింగ్‌లో నాకు ఎవరూ నేర్పని పాఠం అది.

జూన్‌లో హేలీ వాళ్ళమ్మ ఫోన్ చేసింది. చలికాలమంతా ఇన్ఫెక్షన్ లేకుండా గడిచిందట, ఆన్‌లైన్ మాట ఇక ఎత్తనంది. తర్వాత గొంతు తగ్గించి, "రోజూ అడిగేదాన్ని, నీళ్ళు తాగావా అని. నాకెందుకు చెప్పలేదు?" అంది.

"మీ మీద నమ్మకం లేక కాదండీ. నేనూ మా అమ్మకి చెప్పలేదు" అన్నాను.

"ఇప్పటికైనా చెప్పారా?"

లేదు. ఆ ఆదివారం ఫోన్లో అమ్మకి అంతా చెప్పాను. బాధపడుతుందేమో, అనవసరంగా చెప్పానేమో అనుకున్నాను.

"మీ అమ్మమ్మకి నేను మాత్రం చెప్పానటే?" అంది అమ్మ.