తీసిన సామాను ఇందులోనే ఉంది

మా అక్కకి బేరమాడటం రాదు. కూరగాయల ధర ఎక్కువనిపిస్తే నోరు విప్పకుండా ఆ పూటకి ఆ కూర మానేసే రకం. అలాంటి మనిషి పోయిన ఏడాది ఆరు నెలల్లో పద్నాలుగు పాత రేడియోలు ఆన్‌లైన్ వేలంలో అమ్మిందంటే, కళ్ళారా చూశాను కాబట్టి నమ్ముతున్నాను. ఆ అమ్మకాలు మా బావగారిని ఏం చేశాయో కూడా కళ్ళారా చూశాను. అందులో నా నోటిదురుసు వాటా కూడా ఉంది.

బావగారు రేడియో మెకానిక్కు. ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే కొట్టు, ఒకే బల్ల. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వీధిలోకి దిగాల్సినంత ఇరుకు కొట్టు. టీవీలొచ్చాయి, ఫోన్లొచ్చాయి, ఆయన మాత్రం రేడియోలనే పట్టుకుని కూర్చున్నారు. ఆయనకో పద్ధతి ఉండేది. సెట్టులోంచి తీసేసిన పాత సామాను, కాలిపోయిన కండెన్సరు గానీ విరిగిన స్క్రూ గానీ, చిన్న గుడ్డసంచిలో వేసి ఆ సెట్టు లోపలే ఓ మూల కట్టేవారు. దాంతోపాటు ఓ చీటీ: ‘ఈ సెట్టు బాగుచేశాను. తీసిన సామాను ఇందులోనే ఉంది.’ కింద సంతకం, తేదీ. మంచి భాగాలు కొట్టేసి పాతవి తగిలించాడని ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆయన పంతం. ఆ సంచులు కుట్టిపెట్టేది మా అక్క.

ఎంతకీ బాగుపడని సెట్లు కొన్ని ఉండేవి. సొంతదార్లు విసిగిపోయి వదిలేసినవి. వాటికి పై అర కేటాయించి ‘మొండివాళ్ళు’ అని పేరు పెట్టారు. జబ్బేమిటో తెలియకుండా సామాను మార్చడం ఆయనకి గిట్టదు. అందుకని మొండివాళ్ళ పొట్టలో ఒక్క ముక్క కూడా మారలేదు. తీరిక దొరికినప్పుడల్లా ఒక దాన్ని దించి, మూత తీసి, చూసి, నిట్టూర్చి, మళ్ళీ మూత బిగించి పైన పెట్టేవారు. అందరిలోకీ మొండిది తేనెరంగు చెక్కపెట్టె. ఇరవై రెండేళ్ళు ఆయన్ని ముప్పుతిప్పలు పెట్టింది.

అలాంటి చేతిని పక్షవాతం కొట్టింది. కుడిచెయ్యి పూర్తిగా, మాట సగం పోయాయి. అదే సమయానికి కొట్టున్న భవనం పడగొడతామని కబురొచ్చింది. పాత ఇనుము కొనేవాడు వచ్చి అన్నిటినీ తూకానికి అడిగాడు. అక్క వాడికి మంచినీళ్ళిచ్చి పంపేసి, సెట్లూ, పనిముట్లూ, విడి సామానూ అన్నీ ఇంటికి తెచ్చి ముందుగదిలో పేర్చింది. మంచం తప్ప కాలు పెట్టే చోటు లేదు. అక్క ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు లెక్కపెట్టే ఉద్యోగం చేస్తుంది. వారానికి మూడు రోజుల ఫిజియోథెరపీ ఆ జీతంతో అయ్యే పని కాదు. మానేస్తే ఆ చెయ్యి ఇక అంతేనని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

ఆన్‌లైన్ వేలం సలహా నాదే. నేను కొరియర్ ఆఫీసులో కౌంటరు దగ్గర కూర్చుంటాను, జనం ఎలాంటి చెత్త కొని తెప్పించుకుంటారో నాకు తెలుసు. ముందు బావగారు బాగుచేసిన వాటిలో మేలైనవి పదకొండు ఏరాం. తుడిచాం, పాడుతుండగా వీడియోలు తీశాం. వారం గడిచినా ఒక్కరు కూడా వేలంపాటకి రాలేదు. ఒళ్ళు మండి, మొండివాళ్ళలోంచి ఒక దాన్ని దుమ్ముతో సహా ఫోటో తీసి పెట్టాను. ‘పనిచెయ్యదు. ఎందుకో మాకూ తెలీదు’ అని రాశాను. మూడో రోజుకి వేలంపాట అక్క నెల జీతం దాటింది.

అక్క ఫోను నా చేతిలో పెట్టి, ఇది ఏదో మోసం, వెంటనే తీసెయ్యమంది. మోసం కాదు. అడిగిన వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, లోపల ఏమైనా మార్చారా అని. మార్చలేదంటే, దయచేసి తుడవకండి, ముట్టుకోకండి అని బతిమాలడం. పాత సెట్లు పోగుచేసేవాళ్ళకి పుట్టినప్పటి సామానే ముఖ్యమట, పాడినా పాడకపోయినా. కొత్త కండెన్సరు పడిందా, వాళ్ళ లెక్కలో ఆ సెట్టు మైలపడ్డట్టే. అంటే బావగారు బాగుచెయ్యలేకపోయినవి బంగారం, బాగుచేసినవి తుక్కు. ఈ మాట అర్థమైన రోజు అక్కా నేనూ వంటింట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

ఏది అమ్ముడుపోయిందని బావగారు అడిగారు. అక్క తడుముకోకుండా, మీరు బాగుచేసిన గుండ్రటి డయల్ది అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అదేననుకుంటాను. ఇక ఆ గుండ్రటి డయల్ది ఇంట్లో కనబడకూడదు కదా. సంచిలో పెట్టుకుని మా ఇంటికి మోసుకెళ్ళాను. తర్వాత ఒక మొండిది అమ్ముడుపోయిన ప్రతిసారీ బాగుచేసినది ఇంకొకటి మా ఇంటికి చేరేది. మొండివాళ్ళ మాటెత్తితే వాళ్ళని ఊరికే ఇస్తే పట్టుకుపోయేవాళ్ళూ ఉన్నారు, అలంకారానికి, అని అక్క దాటేసేది. మా పడకగదిలో పదమూడు రేడియోలు చేరాయి. మా ఆయన ఒక్కొక్క దాన్నీ తిప్పి చూసి, మనం కూడా కొట్టు తెరవచ్చు అనేవారు.

బావగారు మాత్రం తేరుకుంటున్నారు. ఫిజియోథెరపీ ఎంత పనిచేసిందో, ఆ అబద్ధం అంత పనిచేసింది. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళు తన చేతిపని వెతుక్కుని మరీ కొంటున్నారంటే ఏ పనివాడికి ఒంట్లోకి బలం రాదు? వచ్చినవాళ్ళందరికీ తడబడుతూనే చెప్పేవారు. నాకు లోపల్లోపల గిలిగా ఉండేది గానీ, అక్క కళ్ళు చూసి ఊరుకునేదాన్ని.

చివరికి తేనెరంగు పెట్టె వేలానికి పెట్టాం. ఇద్దరు పోటీపడి పాట పెంచుకుంటూ పోయారు. ముగిసేసరికి ఏడాది ఫిజియోథెరపీకి సరిపడా పలికింది. ఆ ఆనందంలో అక్క నోరు జారి, తేనెరంగుది కూడా పోయిందండీ, అన్నిటికన్నా దానికే ఎక్కువొచ్చింది అని ఆయనకి చెప్పేసింది. ఆదివారం పార్సిల్ కట్టడానికి వస్తానని నేను చెప్పాను.

ఆదివారం పొద్దున అట్టపెట్టె, బుడగల కవరు చంకన పెట్టుకుని మెట్లెక్కుతుంటే లోపల్నించి ఎవరో వాతావరణం సంగతులు చదువుతున్నారు. గదిలో సోల్డరింగ్ వాసన. తేనెరంగు పెట్టె బల్ల మీద ఉంది. అద్దంలా తుడిచి ఉంది. డయల్ వెనక దీపం వెలుగుతోంది. బావగారు కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉన్నారు. అక్క తలుపు పక్కన గోడకి ఆనుకుంది, మొహంలో నెత్తురు లేదు. అక్క మధ్యాహ్నం డ్యూటీలకి పోయిన నాలుగు రోజులూ ఆయన ఎడంచేత్తోనే పనిచేశారు. దారపు తొడుగు లోపల, పైకి కనబడకుండా తెగిన తీగ ఒకటి దొరికిందట. అదీ, ఎండిపోయిన ఐదు కండెన్సర్లూ.

“ఇరవై రెండేళ్ళు,” అన్నారు నన్ను చూసి. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. “పనిచెయ్యనిది... డబ్బు తీసుకుని... పంపిస్తామా?”

నేను బాగుందండీ అని ఉండాల్సింది. ఒక్క మాట, అంతే. కానీ నాకు ఏడాది ఫిజియోథెరపీ కళ్ళముందు ఆవిరైపోతోంది.

“ఎంత పని చేశారు బావగారూ. మీరు చెయ్యి పెట్టనివే కదా అమ్ముడుపోయేది,” అన్నాను.

రేడియో చదువుతూనే ఉంది. ఆయన నవ్వు వెంటనే పోలేదు, కాసేపు అలాగే మొహం మీద ఉండిపోయింది. తర్వాత అక్క వైపు తిరిగి, నావి ఎన్ని పోయాయని అడిగారు. అక్క తలొంచుకుని, ఒక్కటీ పోలేదండీ అంది. ఎక్కడున్నాయన్నారు. మా ఇంట్లో, అన్నీ భద్రంగా ఉన్నాయి అని నేనే చెప్పాను. ఆయన రేడియో కట్టేసి, గోడ పట్టుకుంటూ వెళ్ళి మంచం మీద పడుకున్నారు.

మూడు రోజులు ఆయన మంచం దిగలేదు. ఫిజియోథెరపీ ఆవిడ వస్తే చెయ్యి ఇవ్వలేదు. నేను రోజూ వెళ్ళి గుమ్మంలో నిలబడి వచ్చేసేదాన్ని. నాలుక కోసుకోవాలనిపించేది. అక్క నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్ని. తిట్టలేదు.

కొన్నాయనకి అక్క ఉన్నదున్నట్టు రాసింది. మా ఆయన పక్షవాతంతో ఇంట్లో ఉంటున్నారు, తెలియక బాగుచేశారు, మీ డబ్బు వెనక్కి పంపిస్తాను, మన్నించండి అని. జవాబు వచ్చింది. తీసిన సామాను పారేశారా, ఉందా? ఉంటే ఎక్కడివక్కడ మళ్ళీ బిగించి, తెగిన తీగ తెగినట్టే వదిలేసి పంపితే, అదే ధరకి తీసుకుంటాను. దుమ్ము పోతే పోనివ్వండి.

సామాను ఎక్కడికి పోతుంది? గుడ్డసంచిలో, పెట్టె లోపలే, మూలన ఉంది. కానీ తిరిగి బిగించడం ఆయన తప్ప ఎవరికీ చేతకాదు. అక్క వంటింట్లో నాతో గొంతు తగ్గించి, వద్దులేవే, ఆ మాట ఆయన్ని నేను అడగలేను, డబ్బు పంపించేద్దాం అంది. ఆ ఇంట్లో వంటింటి మాట మంచం దగ్గరికి వినబడకుండా ఉండదు.

“సోల్డరింగ్ ఐరన్ పెట్టు,” అని వినబడింది లోపల్నించి.

అక్క పరుగున వెళ్ళి, వద్దండీ అంది. ఆయన అప్పటికే లేచి కూర్చున్నారు. ముందు రేడియో పెట్టమన్నారు. ముగ్గురం కూర్చుని విన్నాం. ఏదో పంటల మీద చర్చ, ఎవరికీ పట్టని చర్చ, చివరిదాకా విన్నాం. అయిపోయాక ఆయనే స్విచ్ ఆపి ప్లగ్గు పీకారు.

కొత్త కండెన్సర్లు ఒక్కొక్కటే తీశారు. అక్క పట్టకారుతో పాతదాన్ని పట్టుకుంటే ఆయన ఎడంచేత్తో అంటించారు. నేను దీపం పట్టుకున్నాను. రెండు గంటలు పట్టింది. చివర తీగ కత్తిరించాల్సి వచ్చినప్పుడు కట్టరు చాలాసేపు దాని మీద ఆనించి ఉంచారు. అక్క ఆయన కుడిచేతి మీద చెయ్యి వేసింది. కత్తిరించారు. కొత్త సామాను ఆ సంచిలోనే వేసి మూలన కట్టి, కాగితం అడిగారు. ఎడంచేత్తో వంకరటింకరగా రాశారు: ‘ఈ సెట్టు బాగయింది. అడిగితే మళ్ళీ పాడుచేశాను. తీసిన సామాను ఇందులోనే ఉంది.’ కింద సంతకం, తేదీ.

పార్సిల్ కట్టేటప్పుడు ఆ చీటీ తీసేద్దామని నేను లోపలికి చెయ్యి పెట్టాను. కొన్నాయనకి కోపమొస్తే మొత్తానికే మోసం. అక్క నా మణికట్టు పట్టుకుంది. చీటీతోనే పంపాం.

పది రోజులకి వేలం పేజీలో కొన్నాయన అభిప్రాయం వచ్చింది. అయిదుకి అయిదు నక్షత్రాలు. ‘చెప్పినట్టే ఉంది. పనిచెయ్యడం లేదు. చాలా సంతోషం.’ అక్క చదివి వినిపించింది. బావగారు రబ్బరు బంతి కుడి అరచేతిలో పెట్టుకుని నొక్కుతున్నారు. డబ్బు వచ్చింది కదా, ఫిజియోథెరపీ ఆవిడ మళ్ళీ వస్తోంది. ఆయన నొక్కడం ఆపి, ఆ ఆదివారం తర్వాత మొదటిసారి నా వైపు సూటిగా చూశారు.

“నా చీటీ... చూశాడామ్మా?”

ఫోను అక్క చేతిలోంచి తీసుకుని ఆ మూడు ముక్కలూ మళ్ళీ చదివాను. చీటీ ఊసు ఎక్కడా లేదు.

“చూశాడట బావగారూ,” అన్నాను. “దాచుకుంటానని రాశాడు.”