ఒకచోటే మార్చిన పేరు

ప్రింటర్‌ని చెప్పుతో కొట్టినవాణ్ని నేను. బడిలో పిల్లలకి ఓర్పు గురించి పాఠాలు చెప్పే మాస్టర్ని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయితే అదే రోజు అంతకంటే సిగ్గుపడాల్సిన పని ఇంకొకటి చేశాను కాబట్టి ముందు చిన్నది చెప్పేస్తున్నాను.

మాది విజయనగరం వైపు పల్లపు ఊరు. ఉద్యోగం అరకులో. ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి ఉంటే దాన్లో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. డబ్బు కట్టక్కర్లేదు, వైరస్ రాదు, ఎవడి దయా అక్కర్లేదు అని స్టాఫ్ రూమ్‌లో గొప్పలు చెప్పి అందరికీ విసుగు పుట్టించాను. కంప్యూటర్ పక్కనే ప్రింటర్, రెంటికీ మధ్య మూరెడు వైరు. కొండ మీది గ్రామాల వాళ్లు అర్జీలు రాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లు. వస్తూ గుప్పెడు పిప్పళ్లో, నాలుగు అల్లం కొమ్ములో తెచ్చేవాళ్లు. నేను వద్దనేవాణ్ని, మా ఆవిడ తీసుకునేది.

రెండేళ్లుగా ఆ ప్రింటర్‌కి ఏదో రోగం. కొన్ని రోజులు గడగడా ప్రింటు ఇచ్చేది. కొన్ని రోజులు ఒక్క కాగితానికి పది నిమిషాలు. మీట నొక్కి కూర్చుంటే లైటు వెలుగుతూనే ఉంటుంది, కాగితం మాత్రం కదలదు. వైరు మార్చాను. ఇంకు డబ్బా మార్చాను. అక్షరాల నాణ్యత తగ్గించాను. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. మర్నాడు బాగా పని చేస్తే నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ని. వారం తిరక్కుండా మళ్లీ మొదటికొచ్చేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రింటర్ చేసినవాణ్ని తిట్టుకునేవాణ్ని.

ఆ రోజు పొద్దున్నే ఒక పెద్దామె వచ్చింది. అరవై దాటి ఉంటాయి. పై గ్రామంలో చోళ్లు, కాఫీ పండించుకునే మనిషి. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న అడవి భూమికి పట్టా ఇమ్మని అర్జీ పెట్టుకుంది. పాడేరు ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. అర్జీలో జిల్లా పేరు పాతదట. జిల్లా విడిపోయి, పాడేరు కేంద్రంగా కొత్తది వచ్చాక పాత పేరు చెల్లదట. ఆ భూమి ఉన్నచోటి నుంచి అంగుళం కదల్లేదు, దాన్ని దున్నే మనిషీ కదల్లేదు, అయినా కాగితం చెల్లదు! వాళ్ల మీద ఎంత మండిపడ్డానో చెప్పలేను. ఆ పాత అర్జీ రాసింది నేనే అన్న సంగతి మాత్రం కోపంలో పెద్దగా గుర్తు రాలేదు.

సరిచేసిన అర్జీ, గ్రామసభ తీర్మానం, హద్దుల పటం. ఈ మూడు కాగితాలూ ఆ రోజు ఒంటిగంటలోగా పాడేరులో ఇవ్వాలి. అదే ఆఖరు. జీపు తొమ్మిదిన్నరకి కదులుతుంది. తర్వాతి జీపు నిండితే గాని కదలదు, నిండేసరికి మధ్యాహ్నం అవుతుంది.

ఎనిమిదిన్నరకి మీట నొక్కాను. లైటు వెలిగింది. అంతే. పది నిమిషాలు చూశాను. సెల్ టవర్ అంతకు ముందురోజు నుంచీ పని చెయ్యడం లేదు, ఫోన్ చేసి ఎవణ్నైనా అడుగుదామన్నా దారి లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆమె మీద విరుచుకుపడ్డాను.

“ఆఖరి రోజు దాకా ఏటి చేస్తున్నావమ్మా? మీకెప్పుడూ ఇంతే. నెత్తి మీదకొస్తే గాని కొండ దిగరు!”

వంటింట్లోంచి మా ఆవిడ అంది.

“నిన్న వచ్చింది కాదేటండీ? సిగ్నల్ లేదు, ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోలేను, రేపు రా అని మీరే పంపేశారు.”

నిజమే. ఆ నిజం వినగానే నా కోపం రెట్టింపయింది.

మొదటి కాగితం బయటికొచ్చింది. “సదువు బాబూ” అంది పెద్దామె. వాళ్ల ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. భూమి మాట ఉన్న కాగితం ఏదైనా సరే, మొదటి నుంచి చివరి దాకా పైకి చదివించుకుని వినందే వేలిముద్ర వెయ్యరు. వినకుండా వేసి ఎవరో ఎప్పుడో పొలం పోగొట్టుకున్నారట. ఆమె కింద కూర్చుని కళ్లు మూసుకుంది. నేను ముళ్ల మీద నిలబడి చదివాను. తూర్పున పారే గెడ్డ, పడమట జంట పనసచెట్లు, ఉత్తరాన పెద్ద బండ. హద్దు హద్దుకీ తల ఊపుతోంది. నా కళ్లు గోడ గడియారం మీద ఉన్నాయి. చివర్లో ఆమె కళ్లు తెరిచింది.

“ఆగు బాబూ. ఇసాపట్నం జిల్లా అన్నావు. దానికే గదా తిరగ్గొట్టినారు?”

చూసుకున్నాను. అర్జీ పైన జిల్లా పేరు మార్చాను. కింద, వేలిముద్ర వేసే చోటికి పైన, పాత పేరు అలాగే వదిలేశాను. ఆమెకి దణ్ణం పెట్టాల్సింది. పెట్టలేదు.

“అంత తెలిసినదానివి నువ్వే రాసుకోలేకపోయావా!” అని అరిచాను.

వేలిముద్ర కోసం ముందే ఇంకు అంటించుకున్న బొటనవేలిని ఆమె కొంగులో దాచుకుంది. నేను మళ్లీ మీట నొక్కాను. మళ్లీ అదే లైటు, అదే నిద్ర. నేను ప్రింటర్‌ని చెప్పు తీసి కొట్టింది అప్పుడే. మూడో కాగితం చేతికొచ్చేసరికి పది దాటింది. జీపు హారన్ ఎప్పుడో వినిపించి ఆగిపోయింది. ఆమె కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని జంక్షన్ వైపు నడిచింది. నా మోటార్ సైకిల్ వసారాలోనే ఉంది. పాడేరు దాకా దింపొచ్చునని నాకు తట్టనైనా తట్టలేదు. బడికి ఆలస్యమైందన్న మంట తప్ప నాకేమీ తట్టలేదు.

ఆదివారం ఆ కంప్యూటర్ సంగతేదో తేల్చుకుందామని కూర్చున్నాను. అది ఏ నిమిషాన ఏం చేసిందో రాసుకునే చిట్టా ఒకటి దాన్లో ఉంటుంది. మొదటిసారి ఓపిగ్గా చదివాను. ప్రింటు ఇవ్వమన్న ప్రతిసారీ ఒక పేరు కోసం వెతుకుతోంది. దొరక్క ఆగిపోతోంది. మళ్లీ వెతుకుతోంది.

అది దాని పేరే. జిల్లా మారిన కొత్తలో ఉత్సాహం ఆపుకోలేక, అప్పటిదాకా విశాఖ అని ఉన్న నా కంప్యూటర్ పేరుని పాడేరు అని మార్చాను. ఆ పేరు రెండు చోట్ల రాయాలి. నీ పేరిది అని చెప్పే చోట ఒకసారి, ఈ పేరుగలది ఇక్కడే ఉంది అని చెప్పే పట్టికలో ఇంకోసారి. నేను మొదటి చోట మార్చి పట్టికని వదిలేశాను. దాంతో అది చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పాడేరు ఎక్కడుందని బయట ఇంటర్నెట్‌ని అడుగుతోంది. సిగ్నల్ ఉన్న రోజున మాకు తెలీదని జవాబు వెంటనే వస్తుంది, పని జరిగిపోతుంది. టవర్ పోయిన రోజున ఆ జవాబు కూడా రాదు. విసిగిపోయేదాకా ఎదురుచూస్తుంది.

పట్టికలో ఒక్క మాట మార్చాను. ఫోన్ నుంచి కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తెచ్చే తీగ పీకేసి మీట నొక్కాను. కూర్చున్నవాణ్ని లేచేలోపు కాగితం వచ్చింది. సంతోషం వెయ్యలేదు. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

తర్వాతి సంతరోజున ఆమె కనిపించింది. మధ్యాహ్నం జీపులో వెళ్లిందట. గడువు దాటిపోయిందన్నారట. మళ్లీ ఎప్పుడు తీసుకుంటారో చెప్పలేమన్నారట. కవరు ఆమె చేతిలోనే ఉంది.

రోడ్డు పక్కనే నిలబడి ఉన్నదంతా చెప్పాను. “ప్రింటర్‌ది తప్పు కాదమ్మా. నాదే. పేరు ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోయాను. నీ కాగితంలోనూ అదే చేశాను.”

కాగితం విన్నట్టే కళ్లు మూసుకుని చివరిదాకా వింది. తర్వాత అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టు అడిగింది.

“మరి ఆయేల నన్నెందుకు తిట్టినావు బాబూ?”